మా పెరడు పంచాంగం తప్పిన ఏడాది

2023 మార్చి నుంచి 2024 వేసవి దాకా మా పెరట్లో ఏ చెట్టు ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. ఆగస్టులో మల్లెలు విరగబూశాయి. సెప్టెంబర్లో నిమ్మచెట్టు ఒళ్లంతా పూత వేసుకుంది. డిసెంబర్లో పూతకు రావాల్సిన మామిడి రాగిరంగు చిగురు తొడిగింది. వానాకాలం మొదట్లోనే కాయాల్సిన బీర, పందిరంతా పసుపుపచ్చ పూలు పరిచి పిందె మాత్రం వెయ్యలేదు. పాల లెక్క రాసే నోట్‌బుక్ వెనక పేజీల్లో విత్తనం పెట్టిన తేదీ, మొదటి పూత, మొదటి కోత రాసుకోవడం నాకు అలవాటు. ఇదంతా ఆ పేజీలు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

మాది ఖమ్మం. పాత ఇల్లు. వెనక మామిడి, నిమ్మ, మునగ, జామ చెట్లు, ఒక పందిరి, నాలుగు మడులు. మేడ మీద గ్రో బ్యాగుల్లో టమాటా, మిర్చి, ఆకుకూరలు. కింద నల్లమట్టి. తడిస్తే వారమైనా ఆరదు, ఎండితే వేలు దూరేంత నెర్రెలిస్తుంది. ఈ మట్టి గుణం తెలిస్తేనే తర్వాతి సంగతులు అర్థమవుతాయి.

తేడా మార్చిలోనే మొదలైంది. ఉగాదికి ముందు, నెల మధ్యలో, వడగళ్లు పడ్డాయి. గోలీకాయంత పిందెలు చెట్టు కింద చాప పరిచినట్టు రాలాయి. ఊళ్లలో మొక్కజొన్న పడుకుండిపోయింది. ఉగాది మర్నాడు, మార్చి 23న, అప్పటి ముఖ్యమంత్రి మా జిల్లా బోనకల్లు మండలానికి వచ్చి పంటలు చూసి, ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించారు. రైతులకు పోయినదాని ముందు మా పిందెలు ఏపాటి? వాటిని పప్పులో వేశాం, తొక్కు నూరాం. చెట్టు మీద మిగిలిన కాయల్లో వడగళ్ల దెబ్బ తిన్నవి ఏప్రిల్లో ఒక పక్క నల్లబడి రాలాయి. ఆ ఏడు ఆవకాయకు కాయ కొనుక్కున్నాం.

ఏప్రిల్ చివర, మే మొదట్లో మళ్లీ వానలు. ఎండాకాలం నడిమధ్యన నేల నానింది. కంద దుంపలు తొలకరి వచ్చిందనుకుని మే నెలలోనే మొలకలు ఎత్తాయి. నేను కూడా అదే అదనని మే చివర్లో బీర, సొర, కాకర గింజలు పెట్టేశాను. మొలకలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత జూన్ వచ్చింది.

ఆ జూన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మృగశిర కార్తె మొదలయ్యేది జూన్ 8 ప్రాంతంలో. 2023లో సరిగ్గా జూన్ 8నే రుతుపవనాలు కేరళను తాకాయి, వారం ఆలస్యంగా. అదే రోజున అమెరికా వాతావరణ సంస్థ ఎల్‌నినో మొదలైందని ప్రకటించింది. ఎల్‌నినో అంటే పసిఫిక్ సముద్రంలో నీళ్లు వేడెక్కడం, అది వచ్చిన ఏడు మన వానలు తరచూ గతి తప్పుతాయి. ఎక్కడో పసిఫిక్‌లో నీళ్లు వేడెక్కితే ఖమ్మంలో బీరపాదుకేమవుతుందని ఎవరైనా అడిగితే అంతకుముందు నవ్వేదాన్ని. మృగశిర వచ్చినా చల్లబడలేదు. నెలలో మూడో వారం దాటేదాకా మా దగ్గర రోహిణి ఎండలే. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి కనపడేవి కావు. మేడ మీద టమాటా మొక్కలు ఏపుగా ఉండి, పూత పూసి, పూసింది పూసినట్టే కాడతో సహా రాల్చేశాయి. టమాటాకి పగటి ఎండకన్నా రాత్రి ఉక్క ఎక్కువ చెరుపు. రాత్రి చల్లబడకపోతే పుప్పొడి పనిచెయ్యదు, పువ్వు కట్టదు. సిమెంటు కప్పు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంటే ఆ మొక్కలు మాత్రం ఏం చేస్తాయి?

సరిగ్గా ఆ జూలైలోనే టమాటా కిలో 150 దాటింది. "మీకేమమ్మా, మేడ మీద తోట ఉంది" అని వీధిలో ప్రతి ఒక్కరూ అనడమే. తోట ఉంది, టమాటా లేదు. పప్పులో చింతకాయ తొక్కు వేసుకుని తిన్నాం.

బీరపాదు కథ వేరు. జూలై మొదట్లో పందిరెక్కి గుత్తులు గుత్తులుగా పూసింది. సాయంత్రం అయిదు దాటాక చూస్తే పందిరి పచ్చగా వెలిగిపోయేది. అన్నీ మగపూలే. ఆడపువ్వు ఒంటిగా వస్తుంది, రేకుల వెనక వేలెడంత పిందె ఉంటుంది, వెతకాల్సిన పనే ఉండదు. పగళ్లు పొడుగ్గా ఉండి, వేడి ఎక్కువైతే తీగజాతి పాదులు ముందు మగపూలే పూస్తాయి. పైగా నేను పశువుల ఎరువు దండిగా వేశాను, ఆకు బలిసింది. మా అత్తయ్య పందిరి కింద నిలబడి, "దీనికి కాయాలని లేదే అమ్మాయ్, అలంకారానికి పెట్టుకున్నట్టుంది" అన్నారు.

జూలై చివరి వారంలో వాన మొదలైంది. వానంటే మామూలు వాన కాదు. జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా పడింది. తెలంగాణలో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. మా ఊళ్లో మున్నేరు పొంగి ఒడ్డున ఉన్న కాలనీలు మునిగాయి. మా ఇల్లు మెరకన ఉంది కాబట్టి ఇంట్లోకి నీళ్లు రాలేదు. మడుల్లో మాత్రం రోజుల తరబడి నిలబడ్డాయి. పసుపు, అల్లం దుంపలు కుళ్లాయి, పెరికితే చేతికి మెత్తగా వాసనతో వచ్చాయి. కాకర వేరు కుళ్లి ఒక్కసారిగా వాడిపోయింది. మిర్చి ఆకులు పండుబారి రాలాయి. నత్తలు గోడల మీద దాకా పాకాయి. బచ్చలి ఒక్కటే ఆ నీళ్లలో ఆనందంగా ఉంది. తోటకూర కాస్త ఎత్తులో ఉన్న మడిలో వేసినందుకు బతికింది.

ఇక్కడొక మాట. ఆ ఏడాది పంచాంగంలో కూడా ఒక నెల ఎక్కువే ఉంది. శోభకృత్ సంవత్సరంలో అధిక శ్రావణం వచ్చింది, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. ముహూర్తాలు లేవు, పేరంటాలు లేవు. అత్తయ్య లెక్కలో అది శూన్యమాసంతో సమానం. వరద వచ్చింది అధిక మాసంలోనే కాబట్టి ఆవిడకు ఆశ్చర్యం కలగలేదు.

వరద తగ్గి నేల ఆరేసరికి ఆగస్టు. ఇక ఆ నెలంతా వాన ముఖం చూడలేదు. 1901 నుంచి లెక్కలు ఉన్నాయి, దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు ఎప్పుడూ లేదు. మామూలుగా పడాల్సిన దాంట్లో మూడో వంతుకు పైగా తగ్గింది. "మఖ పుబ్బలు వరుపైతే మహా క్షామం" అని అత్తయ్య రోజూ ఆకాశం చూసి అనేవారు. మఖ కార్తె మొదలైంది, చినుకు లేదు. పది రోజుల ముందు నీళ్లు తోడిపోసిన మడులకు ఇప్పుడు బోరు వేసి నీళ్లు పెడుతున్నాం. నల్లమట్టి నెర్రెలిచ్చింది. నెర్రెల్లో పడి మొక్కల సన్నవేళ్లు తెగుతాయి. అందుకే ఎండుటాకు, కొబ్బరిపీచు, కోసిపారేసిన గడ్డి ఏది దొరికితే అది మొదళ్లలో కప్పాను.

విచిత్రాలు అప్పుడే మొదలయ్యాయి. మల్లెపొద వేసవిలో పూసి, వానాకాలంలో ఆకు పెంచుకుని ఊరుకుంటుంది. ఆ ఆగస్టులో మళ్లీ మొగ్గ తొడిగింది. ఆగస్టు 25 వరలక్ష్మీ వ్రతం. శ్రావణ శుక్రవారం నాడు పెరట్లో మల్లెలు కోసి అమ్మవారికి మాల కట్టడం నాకు తెలిసి అదే మొదలు. ముత్తయిదువలకు తాంబూలంలో తలా గుప్పెడు ఇచ్చాను. అందరూ కొన్నవే అనుకున్నారు.

మునగ కూడా అంతే. మామూలుగా వానలకు పూత రాలిపోతుంది, గొంగళిపురుగు పట్టి మాను నల్లగా కదులుతుంటుంది. ఆ ఆగస్టులో పురుగు లేదు, పూత నిలిచింది. దసరాకు సాంబారులోకి కాయలు చాలినన్ని. బెండ నెలంతా విరగకాసింది. చివర్లో తెల్లదోమ చేరి ఆకు ఈనెలు పచ్చబడి, పల్లాకు తెగులు వచ్చింది. తెగులు తగిలిన మొక్కలు పీకి పారేశాను, దానికి మందు లేదు. వంకాయలు బాగానే వచ్చాయి. జామకు మాత్రం ఎర్రనల్లి.

బీర పందిరిలో ఆడపూలు కూడా ఆగస్టులోనే కనిపించాయి. పగలు కుదించుకుపోతోంది, పాదుకు వయసొచ్చింది. ఏది కారణమో గాని పిందెలు వచ్చాయి. సాయంత్రం పూట విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో రాస్తూ తిరిగేదాన్ని. వదిలేసిన పిందెలు చాలావరకు పండుబారి రాలాయి, రాసినవి నిలిచాయి. సొరకు చీకటి పడ్డాక రాయాలి, దాని తెల్లపూలు అప్పుడు విచ్చుకుంటాయి. మా వారు టార్చిలైటు పట్టుకుని నిలబడేవారు.

సొరకాయ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. పెరడు చివర్న, బోరు పైపు అందని చోట ఒక పాదు ఉంది. నీళ్లకు బాగా మాడింది. దాని మొదటి కాయ చూడ్డానికి నవనవలాడుతూ ఉంది. సొర, బీర, దోస ఏవైనా సరే వండేముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని చూడడం మా అమ్మ నేర్పిన పద్ధతి. కాలకూటంలా చేదు. ఉమ్మేసి నోరు కడుక్కున్నా సాయంత్రం దాకా పోలేదు. నీటి ఎద్దడి, వేడి తట్టుకోలేని పాదుల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరుగుతుంది. ఉడికిస్తే పోదు. ఇలాంటి చేదు సొరకాయ తిన్నా, రసం తాగినా వాంతులు, రక్త విరేచనాలు అవుతాయి, ప్రాణం మీదకు కూడా వస్తుంది. కాయలన్నీ పాతిపెట్టి పాదు కోసేశాను. అదే రోజుల్లో నీళ్లు అందిన రెండో పాదు కాయలు తియ్యగా ఉన్నాయి. రెండూ ఒకే పొట్లంలోని గింజలు.

టమాటా కూడా ఆగస్టులోనే పిందె కట్టింది, అదీ దండిగా. మొదటి కాయల అడుగులు నల్లబడ్డాయి. ఒక రోజు తడి, ఒక రోజు పొడి అయితే కాయ చివరికి సున్నం అందదు. మట్టిలో సున్నం ఉన్నా నీళ్లతో పాటే పైకి ఎక్కాలి కదా. పొద్దున, సాయంత్రం కొద్దికొద్దిగా నీళ్లు పెట్టడం మొదలుపెట్టాక తర్వాతి కాయలు బాగుపడ్డాయి. బుట్టలకొద్దీ కోసేనాటికి బజార్లో ధర కూలిపోయింది. సెప్టెంబర్లో కర్నూలు వైపు రైతులు గిట్టుబాటు కాక టమాటాలు పారబోస్తున్నారని వార్తలు. జూలైలో వెటకారమాడిన వీధి వాళ్లకు సెప్టెంబర్లో ఊరికే ఇస్తానన్నా వద్దన్నారు. చేసేది లేక ముక్కలు కోసి ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి నిల్వ పచ్చడి పెట్టాను.

మఖ ఎండగట్టినా పుబ్బ వాన ఇచ్చింది. సెప్టెంబర్ మొదటి వారంలో గట్టిగా కురిసింది. టమాటాలు పగిలాయి. నిమ్మచెట్టు పూసింది.

నిమ్మ గురించే నాకు అసలు మాట్లాడాలని ఉంది. ఎనిమిదేళ్ల చెట్టు. ఏటా జనవరి, ఫిబ్రవరుల్లో పెద్దపూత వేసి వానాకాలంలో కాసేది. అప్పుడు బజార్లో నిమ్మకాయలు చవక, మా కాయలు ఎవరికీ అక్కర్లేదు. ఎండాకాలంలో ఒక్కో కాయ అయిదారు రూపాయలు పెట్టి కొనుక్కునేటప్పుడు చెట్టు ఖాళీగా ఉండేది. ఎండాకాలపు కాపు కావాలంటే సెప్టెంబర్, అక్టోబర్లలో పూత రావాలి. దాన్నే హస్త బహార్ అంటారు. నిమ్మతోటల రైతులు పూత కోసం కొన్నాళ్లు నీళ్లు మానేసి చెట్టును వాడబెడతారు, తర్వాత ఎరువు వేసి నీళ్లిస్తారు. వానాకాలంలో అది కుదరదు. పైనుంచి పడే నీళ్లను ఎవరు ఆపుతారు? 2023 ఆగస్టు ఆ పని తనే చేసింది. చెట్టు ఆకులు కాస్త ముడుచుకునేదాకా మాడింది. పందిరికి, మడులకు పెట్టడానికే బోరు నీళ్లు చాలక నిమ్మకు పెట్టలేదు. ఆపైన పుబ్బ వాన. పది పన్నెండు రోజుల్లో కొమ్మ కొమ్మకీ తెల్లమొగ్గ. పెరటి తలుపు తీస్తే వాసన ఇంట్లోకి వచ్చేది. తేనెటీగలు ఆ ఏడాది అంతలా కనపడింది అప్పుడే.

అక్టోబర్ మళ్లీ ఎండే. ఉక్కపోతలో బతుకమ్మ ఆడాం. ఈ నెలలోనే నోట్‌బుక్ ముందు పెట్టుకుని పాత ఏళ్ల తేదీలతో పోల్చి చూశాను. అప్పుడు కనిపించింది అసలు సంగతి. పెరడంతా తారుమారైందని నేను అనుకుంటున్నాను గాని, కొన్ని మొక్కలు ఒక్క వారం కూడా తేడా పడలేదు. చిక్కుడు, తీగ ఎండకు మాడి సగమే పెరిగినా, దసరా వెళ్లగానే పూత ఎత్తింది, ఏటా లాగే. గోంగూర ముదిరి పువ్వుకు వచ్చిందీ మామూలు రోజుల్లోనే. ఈ మొక్కలు వాన చూసి, ఎండ చూసి పూయవు. రాత్రి ఎంత పొడుగైందో చూసుకుంటాయి. ఎల్‌నినో వచ్చినా రాత్రి నిడివి మారదు కదా. మల్లె, నిమ్మ, మునగ నీళ్లను బట్టి నడుస్తాయి, అందుకే అవి గతి తప్పాయి. టమాటాకి వేడి లెక్క.

చామంతి ఈ రెండు గంపల్లోనూ పడలేదు. మొగ్గ సమయానికే వేసింది, విచ్చుకోవడానికి మాత్రం చలి కోసం కాచుక్కూచుంది. కార్తీకంలో పూజకు రావాల్సిన పూలు క్రిస్మస్ రోజుల్లో విచ్చాయి. మొగ్గకు రాత్రి నిడివి చాలు, రేకు విప్పడానికి చల్లదనం కూడా కావాలి కాబోలు.

శీతాకాలం కూరలు పెద్దగా చెప్పుకోదగినవి కావు. కొత్తిమీర ఆకు రాకముందే పూతకొచ్చింది. కాలీఫ్లవర్ గడ్డ కట్టకుండా విడిపోయింది. ముల్లంగి ఒక్కటి పరవాలేదు.

డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చిన రెండో రోజు. ఊరంతా ఎవరు మంత్రులవుతారా అని మాట్లాడుకుంటుంటే మేము చిక్కుడు పందిరి పడిపోకుండా తాళ్లు కట్టుకున్నాం. మా వైపు కూడా రెండు రోజులు ఎడతెగని వాన. తరవాత వారం మబ్బు. ఆ మబ్బుకు చిక్కుడు మీద పేనుబంక దిగింది. లేత కొమ్మలన్నీ నల్లగా. కట్టెల పొయ్యి బూడిద జల్లెడపట్టి పొద్దున మంచుతడి మీద చల్లాను. మరీ పట్టిన కొమ్మలు విరిచి పారేశాను. సంక్రాంతికి చిక్కుడుకాయ కూర దొరికింది, చుట్టాలకు పంచేటన్ని మాత్రం కాదు.

తుపాను అసలు దెబ్బ మామిడికి తగిలింది. మామిడి పూతకు రావాలంటే ముదిరిన కొమ్మ, పొడినేల, రాత్రి చలి, మూడూ కావాలి. నవంబర్‌కి కొమ్మలు ముదిరి సిద్ధంగా ఉన్నాయి. నేల తడిసింది, చలి లేదు, చెట్టు పూత మాని చిగురేసింది. రాగి రంగులో, చూడముచ్చటగా. ఆ చిగురు ముదిరితే గాని ఆ కొమ్మ పూయదు. ఉత్తరం వైపు కొమ్మలు కొన్ని చిగురించలేదు, అవి జనవరి చివర్లో పూశాయి. మిగతా చెట్టు ఫిబ్రవరి ఆఖరున, మార్చిలో అక్కడో రెమ్మ ఇక్కడో రెమ్మ పూస్తూ పోయింది. ఒకే చెట్టు మీద ఒక పక్క నిమ్మకాయంత కాయ, ఇంకో పక్క మొగ్గ. తేనెమంచు పురుగు ఒక పూతను వదిలితే ఇంకో పూతను పట్టుకుంది. ఏటా ఒకసారి వేపనూనె కొట్టి ఊరుకునేవాళ్లం, ఆసారి పూత వచ్చినప్పుడల్లా కొట్టాల్సి వచ్చింది.

2024 ఫిబ్రవరి నుంచి నిమ్మకాయలు దిగాయి. ఏప్రిల్ దాకా కోస్తూనే ఉన్నాం. కాయ చిన్నదే, రసం మాత్రం నిండుగా. పచ్చడి పెట్టాం, ఉప్పులో ఊరేశాం. ఏప్రిల్ 17 శ్రీరామనవమికి మా వీధి పందిట్లో పానకంలోకి మా కాయలే. భద్రాచలం మాకు దగ్గర, నవమి అంటే మా వైపు సందడే వేరు. జూలైలో "మీకేమమ్మా" అన్నవాళ్లే ఇప్పుడు పొద్దున్నే గిన్నె పట్టుకుని వచ్చారు. ఇచ్చాను. కాపు అయిపోయాక చెట్టు నీరసించింది, వానాకాలపు కాపు దాదాపు లేదు. ఒక పూట దండిగా తిని రెండో పూట పస్తున్నట్టయింది.

మామిడి ముందు పూసిన వైపు కాయ మే మొదటి వారానికి పీచు, టెంక కట్టి ఆవకాయకు వచ్చింది. రెండు జాడీలు పెట్టాం. వెనక పూసిన కాయ మే చివరికీ టెంక కట్టలేదు. అత్తయ్య మాగాయ పెట్టమన్నారు. జూన్ మొదటి వారం, ముక్కలు చెక్కి ఉప్పులో ఊరేసి మేడ మీద ఆరబెట్టామో లేదో, 2024 రుతుపవనాలు ముందే వచ్చేశాయి. మూడు పూటలు పైకీ కిందికీ చాపలు మోశాక మాగాయ ఆశ వదిలేశాం. ఆ ముక్కలు పప్పుల్లోకి, చారులోకి వెళ్లాయి. చెట్టు మీద మిగిలిన కాయ కోసి, తురిమి, బెల్లం వేసి పొయ్యి మీద దగ్గరగా ఉడికించి, కారం, మెంతిపిండి కలిపి సీసాల్లో పెట్టాను. మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేని పచ్చడి. సెప్టెంబర్ దాటకుండానే అయిపోయింది.